పిల్లల పెంపకంలో తల్లిదండ్రులు మరచిపోయే హక్కు

మన ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "పిల్లలు తింటే నేను తిన్నట్టే." ఈ మాట అన్న తల్లిని సహనశీలి అని మెచ్చుకుంటాం. కానీ ఆమె ఆ పూట నిజంగా ఏం తిన్నదో ఎవరమూ అడగం. అడిగితే పాలమూరులోనైనా, నల్గొండలోనైనా చాలా ఇళ్ళలో జవాబు ఒక్కటే. పొద్దున ఒక చాయ్, మధ్యాహ్నం పిల్లల పళ్ళెంలో మిగిలింది, సాయంత్రం మళ్ళీ చాయ్. అందరూ పడుకున్నాక పడక, అందరికంటే ముందు మెలకువ. తండ్రి సంగతీ అంతే. ఫజ్ర్ కాగానే ఆటో తీసినవాడు ఇషా దాటాక ఇల్లు చేరతాడు. నడుము నొప్పి అంటే "ఫీజులు కట్టాక చూద్దాం" అంటాడు.

ఇది త్యాగమేనా? ధర్మం మన నుంచి కోరింది ఇదేనా?

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ సల్మాన్ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకరోజు సల్మాన్ (రజి) ఆ ఇంటికి వెళ్ళారు. ఇల్లాలు అలంకరణ లేని ముతక బట్టల్లో కనిపించింది. ఏమిటని అడిగితే, మీ సోదరునికి ప్రపంచం మీద ధ్యాస లేదని చెప్పింది. ఈ ఉల్లేఖనాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ ఇల్లాలి బట్టలే కళ్ళలో మెదులుతాయి. ఆయన ఆరాధన భారం ఆమె మీద కనిపించింది! సల్మాన్ (రజి) తాను తినాలంటే నఫిల్ రోజా విరమించి తనతో తినమని అబూ దర్దా (రజి)ను పట్టుబట్టారు. రాత్రి ఆయన నమాజుకు లేవబోతే పడుకోమన్నారు. మళ్ళీ లేస్తే మళ్ళీ పడుకోమన్నారు. రాత్రి చివరి భాగంలో ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకు, మన ప్రాణానికి, ఇంటివారికి, ముగ్గురికీ మనపై హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికివ్వాలని సల్మాన్ (రజి) చెప్పారు. ఈ సంగతి దైవప్రవక్త (స) చెవిన పడినప్పుడు సల్మాన్ చెప్పింది నిజమేనని ధ్రువపరచారు. ఇది బుఖారీ గ్రంథంలో ఉంది.

గమనించండి, అక్కడ చర్చ ఆరాధన గురించి. ఆరాధన కోసమే శరీరం హక్కును కాలరాయకూడదంటే, వంటపని కోసం, బట్టల కోసం, పిల్లల హోంవర్కు కోసం కాలరాయవచ్చా?

హజ్రత్ అనస్ (రజి) మరో సంఘటన తెలిపారు. మస్జిదులో రెండు స్తంభాల మధ్య ఒక తాడు కట్టి ఉంది. అదేమిటని ప్రవక్త (స) అడిగితే, అది జైనబ్ (రజి)దని, నమాజులో నిలబడి అలసిపోయినప్పుడు దాన్ని పట్టుకుంటారని చెప్పారు. ఆయన ఆ తాడు విప్పించేశారు. ఓపిక ఉన్నంత వరకే నిలబడి, అలసిపోతే కూర్చోవాలని బోధించారు. మన ఇళ్ళలో చాలామంది తల్లులకు చాయ్ అలాంటి తాడే. అన్నం మానేసి దాన్ని పట్టుకుని నిలబడతారు.

ఈ చాయ్ గురించి కొంచెం చెప్పుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. భోజనంతో పాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇనుము మాత్రను చాయ్‌తో మింగే అలవాటు కూడా మానాలి. నల్గొండ వారికి ఇంకో సంగతి. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉండటం వల్ల ఎందరి పళ్ళు, ఎముకలు దెబ్బతిన్నాయో మనకు తెలుసు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్ళు వచ్చాయి గానీ, బిగుసుకుపోయిన కీళ్ళు మునుపటిలా కావు. ఒంట్లో కాల్షియం తక్కువైతే ఆ దెబ్బ మరింత పెరుగుతుంది. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. పాలు పిల్లలకే సరిపోయాయని, తనకు నల్ల చాయ్ చాలని అనుకునే తల్లి మోకాళ్ళు ఏమవుతాయో ఆలోచించండి.

మోకాళ్ళ నొప్పితో సజ్దా చేయలేక లోలోపల కుమిలిపోయే స్త్రీలున్నారు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు మొలల వ్యాధి ఉండేది. నిలబడి నమాజు చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని ప్రవక్త (స) ఆయనకు చెప్పారు. నమాజులోనే ఇంత వెసులుబాటు ఉంటే, నొప్పిని దాచుకుని బిందెలు మోయడం ఏ ధర్మం?

ఇక హజ్రత్ ఫాతిమా (రజి) సంగతి. తిరగలి తిప్పి తిప్పి ఆమె చేతులు కాయలు కాశాయి. పనివారిని అడగడానికి తండ్రి దగ్గరకు వెళ్ళారు. ఆ రాత్రి ప్రవక్త (స) స్వయంగా వాళ్ళింటికి వచ్చి, పడక మీదికి చేరినప్పుడు సుబ్హానల్లాహ్ 33 సార్లు, అల్‌హందులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించమని, పనివారికంటే అది మేలని నేర్పారు. కొందరు మగవారు ఈ హదీసును భార్య నోరు మూయించడానికి వాడుతున్నారు. ఇది అన్యాయం. ఆమె అలసటను ఆయన తప్పుపట్టలేదు. ఆ రాత్రే వెదుక్కుంటూ వచ్చారు. పైగా ఆ జిక్ర్ పడక చేరాక చేసేది. భార్యకు సమయానికి పడక చేరే వీలే ఇవ్వనివాడు ఆ హదీసును ఆమెకు వినిపించే ముందు ఆలోచించాలి.

ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మరి మన సంగతి? 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే స్త్రీ రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదీ నూటికి 26 మంది పురుషులే ఆ పని ముట్టుకుంటున్నారు. కాబట్టి "నీకోసం కాస్త సమయం తీసుకో" అని తల్లికి సలహా ఇస్తే సరిపోదు. ఆ సమయం ఎక్కడి నుంచి రావాలి? ఇంట్లో మరొకరి చేతుల్లోంచి రావాలి. పాలిచ్చే తల్లి తిండి, బట్టల బాధ్యత తండ్రిదని చెప్పిన అల్‌బఖరా సూరా 233వ ఆయతు, బిడ్డ కారణంగా తల్లికి గానీ తండ్రికి గానీ నష్టం కలిగించకూడదని కూడా చెబుతున్నది. పాలు మాన్పించడం కూడా ఇద్దరి సంప్రదింపులతో, సమ్మతితో జరగాలంటున్నది.

భర్త ఊళ్ళో లేని ఇల్లైతే? పాలమూరు కూలీల వలసలు మనకు తెలియనివి కావు. ముంబై, పుణె, గల్ఫ్ వెళ్ళినవారి ఇళ్ళలో తల్లే తండ్రి కూడా. అలాంటి చోట దాదీ, నానీ, ఆడబిడ్డ, పక్కింటి సోదరి జొహ్ర్ తరువాత ఒక్క గంట బిడ్డను పట్టుకుంటే చాలు, ఆ తల్లి కునుకు తీస్తుంది. మధ్యాహ్నపు కునుకు, అదే ఖైలూలా, సహాబాల అలవాటు. పన్నెండేళ్ళ కొడుకు తన పళ్ళెం తాను కడుక్కుంటే వాడి గౌరవం తగ్గదు. దూరాన ఉన్న భర్త ఫోన్ చేసినప్పుడు పిల్లల మార్కులతో పాటు "నువ్వు తిన్నావా?" అని అడగాలి.

2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులకు, బాలింతలకు అన్నం, గుడ్డు, పాలు అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టే పద్ధతి తెచ్చారు. ఇంటికి తీసుకుపోతే తల్లి ఆ గుడ్డును పిల్లల చేతిలో పెట్టేస్తుందని వేరే చెప్పాలా! సిగ్గుపడి వెళ్ళని సోదరీమణులను అత్తగార్లే వెంటబెట్టుకుని తీసుకుపోవాలి. రమజాన్‌లో కూడా గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజా విషయంలో వెసులుబాటు ఉందని హదీసు ఉంది. అది అల్లాహ్ ఇచ్చింది. దాన్ని వాడుకున్న కోడలిని ఎత్తిపొడిచే హక్కు ఎవరికీ లేదు.

హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) యువకుడిగా ఉన్నప్పుడు రోజూ ఉపవాసం, రాత్రంతా నమాజు చేసేవారు. శరీరానికి, కళ్ళకు, భార్యకు, ఇంటికొచ్చే అతిథికి హక్కులున్నాయని ప్రవక్త (స) ఆయన్ను వారించారు. తనకు శక్తి ఉందని ఆయన పదే పదే అడిగారు. చివరకు రోజు విడిచి రోజు ఉపవాసం దగ్గర ఆగారు. ఏళ్ళు గడిచి ముసలితనం వచ్చాక, ఆ రోజు ప్రవక్త (స) ఇచ్చిన తేలికైన వెసులుబాటునే స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదని ఆయన అనుకునేవారు.