బడికొఱకు తమపై తాము వేసికొనిన పన్ను
(పౌరధర్మ పాఠము)



పన్ను అనగానే మన పెద్దలు ముఖము చిట్లించుకొందురు. అది సహజమే. కష్టించి గడించిన సొమ్ములో కొంత భాగమును వేఱొకరి చేతికిచ్చుట యెవ్వరికిని వేడుక గాదు. ఐనను మన డెల్టాకు పొరుగున, సుమారు నూట డెబ్బది యేండ్ల క్రిందట, కొన్ని గ్రామముల రైతులు తమ యూళ్లకు బడి కావలెనని తలంచి, అందుకై తమపై పన్ను వేయుడని తామే సర్కారును గోరిరి. ఆ వృత్తాంతమును, దానివలన మనము నేర్వదగిన సంగతులను ఈ పాఠమున విచారింతము. ఏలయన, బడిగోడ బీటలు వాఱినప్పుడును, కప్పు కురియుచున్నప్పుడును, "దీనిని బాగుచేయుటకు సొమ్మెవరీయవలెను? ఆ సంగతి నెవరు నిర్ణయింపవలెను?" అను ప్రశ్న మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతముల గ్రామములలో నేటికిని బుట్టుచునే యున్నది.

1. గోదావరి రైతుల సమ్మతి

ధవళేశ్వరమువద్ద గోదావరి యానకట్ట 1847వ సంవత్సరమున నారంభింపబడి 1852లో ముగిసెను. బెజవాడయొద్ద మన కృష్ణ యానకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. అంతకు పూర్వము 1833 ప్రాంతమున డొక్కల కఱవు చేత ఈ సీమ యంతయు పాడువడియుండెను. కాలువలలో నీరు పాఱినపిమ్మట పొలములు పండినవి. రైతుచేతిలో నాలుగు కాసులు నిలిచినవి. అట్టి తరుణమున నర్సాపురమున సబుకలెక్టరుగా నుండిన జి. ఎన్. టెయిలరు దొరగారు 1854 ప్రాంతమున నర్సాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో దేశభాషా పాఠశాలలను నెలకొల్పించిరి.

ఆ బడులను జూచి చుట్టుపట్ల గ్రామములవారు తమ యూళ్లకును అట్టివి కావలెనని కోరిరి. కోరి యూరకుండలేదు. తాము చెల్లించు భూమిశిస్తుతోబాటు మఱికొంత వంతు బడిఖర్చుకై చెల్లింప నొప్పుకొనిరి. ఈవిధముగా బుట్టిన పాఠశాలలకు ఇంగ్లీషువారు "రేటు స్కూళ్లు" అని పేరు పెట్టిరి. పల్లెటూరి రైతు చదువుకొఱకు పన్ను నిచ్చగించి యిచ్చునా యని సందేహించుచుండిన మద్రాసు అధికారులకు ఇది యాశ్చర్యమును గలిగించిన సంగతి.

ఇందు మూడు విషయములను గమనింపవలెను. మొదటిది: బడిని కన్నులార జూచినపిమ్మట సొమ్ము యొక్క ప్రసక్తి వచ్చినది, ఏమి కొనుచున్నారో రైతులకు దెలియును. రెండవది: ఆ సొమ్ము ఒక్క పనికొఱకే యుద్దేశింపబడినది. మూడవది: ఎక్కువ భూమి గలవానిపై ఎక్కువ, తక్కువ భూమి గలవానిపై తక్కువ పడినది.

2. ఆ సమ్మతిలోని లోపములు

ఐనను ఈ చిత్రమున కొక నీడయుం గలదు. సమ్మతి యడుగబడినది శిస్తు చెల్లించు రైతులను మాత్రమే. భూమిలేని పాలేరు, కూలివాడు, చేతిపనివాడు, ఆడువారు ఆ లెక్కలోనికి రాలేదు. ఆ కాలపు పెక్కు గ్రామపాఠశాలలలో, అస్పృశ్యులని యెంచబడిన కులముల పిల్లలకు లోపల గూర్చుండుటకే తావు దొరకెడిది కాదు. కావున "గ్రామము సమ్మతించినది" అని మనము చదివినప్పుడెల్ల, గ్రామమనగా నెవరు అని యొకమాఱు ప్రశ్నించుకొనవలెను.

మఱియొక చిక్కును గలదు. నోటిమాటగా నొప్పుకొనినవాడు మఱుసటి యేట పంట పోయినచో నీయననవచ్చును. భూమి చేతులు మాఱినచో క్రొత్త హక్కుదారుడు "నేను ఒప్పుకొనలేదు" అనవచ్చును. నలుగురు మానుకొనిన, తక్కినవారును మానుకొందురు. ఉపాధ్యాయుని జీతమునకును, కప్పు మరమ్మతునకును ప్రతియేటను సొమ్ము కావలసియుండగా, అది ఇట్లు దినదిన గండముగా నుండరాదు. ఈ కారణముచేత, బడికై పన్ను వేసికొనదలచిన గ్రామములకు చట్టబలము నిచ్చుటకు 1863లో మద్రాసు విద్యాచట్టము పుట్టినది. కాని గోదావరి మండలమున దప్ప నితరస్థలములలో దానిని వినియోగించుకొనినవారు మిక్కిలి తక్కువ.

పిదప 1871లో స్థానిక నిధుల చట్టము వచ్చెను. గ్రామములను యూనియనులుగా గూర్చి, బడుల నిమిత్తము ఇంటిపన్ను వేయుటకు ఇది యధికారమిచ్చెను. ఈ ఇంటిపన్నును జనులు మిక్కిలి యేవగించుకొనిరి. కొలది యేండ్లలోనే సర్కారు దానిని విడిచిపెట్టెను. పనియొక్కటే, బడి. ఒకచోట జనులు తామై కోరి యిచ్చిరి. మఱియొకచోట అడుగకయే వేయగా మొఱపెట్టిరి. ఈ భేదమును మఱువకుడు.

అట్లని సమ్మతి యొక్కటియే చాలునని తలంపరాదు. కాలువనీరు పాఱిన గ్రామము తనపై పన్ను వేసికొనగలదు. వాన నమ్ముకొనిన మెట్టగ్రామము ఎంత మనసున్నను వేసికొనలేదు. చదువు గ్రామముయొక్క కలిమిపై నాధారపడినచో, కలిగిన యూరి పిల్లలే చదువుకొందురు. అందుచేతనే క్రమముగా బడిభారము గ్రామమునుండి జిల్లాకును, జిల్లానుండి రాష్ట్రమునకును బోయినది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యాచట్టము స్థానిక సంఘములకు విద్యాపన్ను వేయు నధికార మొసగెను. నేడు సర్కారుబడుల ఖర్చులో అధికభాగము రాష్ట్ర ఖజానానుండియే వచ్చుచున్నది.

3. క్యాలిఫోర్నియాలో వోటు

ఇక సముద్రముల కావల నొక దేశమును జూతము. మన కృష్ణామండలమునుండి పోయిన కుటుంబములు అనేకములు అమెరికాలోని క్యాలిఫోర్నియా రాష్ట్రమున నివసించుచున్నవి. అచట బడిభవనములకు పెద్దమొత్తము కావలసినప్పుడు పాఠశాలా మండలి ఋణపత్రముల నమ్మి సొమ్ము తెచ్చి, ఆస్తిపన్నుమీద దానిని దీర్చును. అట్టి ఋణము చేయవచ్చునా కూడదా యని ఆ ప్రాంతపు వోటర్లనే యడుగుదురు. సొంతయిల్లు లేక అద్దెయింట నుండువానికిని ఒక్క వోటు గలదు.

పూర్వము అట్టి తీర్మానము నెగ్గుటకు మూడింట రెండు వంతుల వోట్లు కావలసియుండెను. 2000 సంవత్సరము నవంబరులో ఆ రాష్ట్రప్రజలు వోటు చేసి, కొన్ని నిబంధనలతో దానిని నూటికి 55కు దించిరి. ఆ నిబంధనలే మనకు ముఖ్యము. ఏయే పనులు చేయుదురో ముందే పట్టిక వ్రాసి చూపవలెను. సొమ్మును భవనములకును, వాని సామగ్రికిని గాక జీతములకు వాడరాదు. ప్రతియేటను లెక్కలను తనిఖీ చేయింపవలెను. పౌరుల కమిటీ యొకటి ఆ ఖర్చును కనిపెట్టియుండవలెను. నెగ్గుటను సులభముచేసినప్పుడు లెక్క చెప్పుటను కఠినము చేసిరి. ఓడిన నలువది యైదుగురును పన్ను చెల్లింపవలసినవారే గదా! వారికి కలుగవలసిన నమ్మకమునకే ఆ కట్టుబాటు.

ఇచట నొక లెక్క వేయుడు. వోట్లు వేసినవారు 1,000 మంది. అనుకూలురు 600 మంది. పాత నియమము ప్రకారము 667 వోట్లు కావలెను గనుక తీర్మానము వీగిపోవును. క్రొత్త నియమము ప్రకారము 550 చాలును గనుక నెగ్గును. మఱియొకటి: వోటర్లు 1,000 మంది యుండగా 400 మందియే వచ్చి, 220 మంది యొప్పుకొనినచో తీర్మానము నెగ్గును. అనగా నూటికి 22 మంది యొప్పుకోలు వేయిమందిని కట్టివేసినది! ఇంటియొద్ద గూర్చుండినవాడు వోటు వేయకుండుటవలన భారము తప్పించుకొనలేదని దీనివలన తేటపడుచున్నది.

4. మన యూరి బడి, మన చేయి

మన దేశమున బడిపన్నుకై జనులు నేరుగా వోటు వేయు నాచారము లేదు. ఐనను మనకును మూడు వాకిళ్లు తెఱచియున్నవి.

గ్రామసభ యొకటి. 1994 నాటి పంచాయతిరాజ్ చట్టము ప్రకారము పంచాయతి లెక్కలను, ఆ యేటి పనులను, క్రొత్త పన్నుల ప్రతిపాదనలను గ్రామసభ ముందుంచవలెను. వోటరైన ప్రతివాడును అందు సభ్యుడే.

రెండవది పాఠశాలా యాజమాన్య కమిటీ. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఇందు నాల్గింట మూడువంతులు పిల్లల తలిదండ్రులే యుండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. బీద, బలహీనవర్గముల తలిదండ్రులకు వారి సంఖ్యకు దగిన చోటుండవలెను. పాఠశాలాభివృద్ధి ప్రణాళికను వ్రాయుటయు, వచ్చిన సొమ్ము వినియోగమును జూచుటయు ఈ కమిటీ పనులు. ఎయిడెడు పాఠశాలలలోను, అల్పసంఖ్యాకులు నడుపు పాఠశాలలలోను ఇది సలహా నిచ్చుటవఱకే పరిమితము. 1854లో లెక్కకు రాని కూలివాని భార్య నేడు ఈ కమిటీలో గూర్చుండి, మరుగుదొడ్డికి నీళ్లేవని యడుగగలదు. మన రాష్ట్రమున 2024 ఆగస్టులో ఈ కమిటీల కెన్నికలు జరిగినవి. 2019 నవంబరు 14న నారంభమైన "మనబడి నాడు–నేడు" పథకపు మొదటి విడతలో 15,715 పాఠశాలలు చేరినవి. నీరు, మరుగుదొడ్లు, మరమ్మతులు, బల్లలు మొదలగు పనులను తలిదండ్రుల కమిటీల ద్వారానే జరిపించిరి.

మూడవ వాకిలి చందా. ఇది పన్ను గాదు, ఇచ్చగలిగినవాడిచ్చును. ఇందు సులువు గలదు, ప్రమాదమును గలదు. హెచ్చుగా నిచ్చినవాడు హెచ్చుగా మాటలాడును, ఈయలేనివాడు తలవంచుకొనును. కావున చందాపట్టీ యెంత పొడవైనను, నిర్ణయసభలో అందఱి చేతులు సమానమని ముందే తీర్మానించుకొనుట మేలు.

5. "నాకు పిల్లలు లేరు, నేనేల ఈయవలెను?"

ఈ ప్రశ్న ప్రతి సభలోను వినబడును. దీనికి దివిసీమయే ప్రత్యుత్తర మిచ్చును. 1864 నవంబరు 1న బందరును ముంచిన యుప్పెనలో సుమారు 30,000 మంది మడిసిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన యుప్పెనలో వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. మట్టిగోడలు, తాటియాకు కప్పులు గల పల్లెలలో ఎక్కి నిలుచుటకు గట్టి మేడ యుండినచో ఎందఱో బ్రదుకుదురు. ఆ పిమ్మట సముద్రతీర గ్రామములలో తుపాను రక్షణగృహములు కట్టబడినవి. వానిలో కొన్ని తక్కిన దినములలో బడులుగా నుపయోగపడినవి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు జనులను చేర్చునది తఱచుగా బడిలోనికే. ఆ రాత్రి అచట తలదాచుకొనువారిలో పిల్లలు గలవారు, లేనివారు అను భేదము లేదు.

అందుచేత మన సీమలో బడికట్టడమునుగూర్చి వోటనగా, గోడకు రంగెట్లుండవలెనను మాట గాదు. పునాది మన నల్లరేగడి నేలలో బీటలు వాఱకుండునా, అరుగు వరదనీటికంటె నెత్తుగా నున్నదా, ఉప్పుగాలికి లోపలి యినుము తుప్పుపట్టి కప్పు పెచ్చులూడకుండునా, మిద్దెపైకి మెట్లున్నవా యను మాట. ఇవి అంచనాలో నుండవలెను. అంచనా సభలో బిగ్గఱగా చదువబడవలెను.

కావున చేయి నెత్తుటకు ముందు నాలుగు సంగతులు విచారింపుడు. ఏ పని, ఎంత సొమ్ము? ఎవరిపై నెంత భారము? లెక్క యెవరు, ఎప్పుడు, ఎచట జదివి వినిపింతురు? కట్టినపిమ్మట ఏటేటి మరమ్మతునకు సొమ్మెచటిది? ఈ నాలుగింటికి సమాధానము దొరకినచో, కాదనినవాడు గూడ రేపు సొమ్ము తెచ్చియిచ్చును. దొరకనిచో, ఔననినవాడే మఱునాడు తప్పించుకొనును.

విద్యార్థులకు ప్రశ్నలు

1. మీ ఇంటిపన్ను రసీదును తెచ్చి చూడుడు. అందు గ్రంథాలయపు పన్ను పద్దు గలదా? ఎంత?

2. ఒక యూర 400 ఇండ్లు గలవు. బడికప్పు మరమ్మతునకు 6,00,000 రూపాయలు కావలెను. ఇంటికి సమానముగా బంచినచో నెంత పడును? అది ఒక కూలివాని యెన్నిదినముల కూలి? పది యెకరముల రైతునకును అంతే యుండుట న్యాయమా? మఱియొక విధముగా బంచి చూపుడు.

3. మీ పాఠశాలలో యాజమాన్య కమిటీ గలదా? ఉన్నచో అందెందఱు తలిదండ్రులు, వారిలో స్త్రీలెందఱు? మీ అమ్మగారు ఎన్నడైన ఆ సభకు బోయిరా? పోనిచో కారణ మడిగి వ్రాయుడు.