అలచందల చేనిలో నిలబడినవాడు

బుజ్జీ,

ఇక్కడ అందరం క్షేమం. మిరపకోతలు మొదలయ్యాయి, పెదనాన్న తెల్లవారకముందే చేనికి వెళ్తున్నారు. వచ్చే ఆదివారం మన చర్చిలో కోతల పండుగ. నువ్వుంటే బాగుండేది.

మొన్న ఫోనులో నువ్వు చెప్పింది విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. శుక్రవారం సాయంత్రం రూములో అందరూ తాగుతుంటే కాదనలేకపోయానన్నావు. ఆ తర్వాత ప్రార్థనకు మోకరిస్తే నోరు పెగలడం లేదన్నావు. "నాలాంటివాడికి చర్చి ఎందుకు పెద్దమ్మా" అన్నావు చూడూ, దానికి మాత్రం కోపం వచ్చింది. ఇంకోసారి ఆ మాట అనకు. దాచకుండా చెప్పుకున్నావు, అదే నాకు ధైర్యం నాన్నా.

చిన్నప్పుడు సెలవుల్లో జరిగే వీబీఎస్ బైబిలు బడిలో ఏటా దావీదు వేషం నీదే. ఏట్లోంచి అయిదు రాళ్లు ఏరడం, ఒక్కటి విసరడం, గొల్యాతు పడిపోవడం. విశ్వాసి పోరాటమంటే అలా ఒక్క దెబ్బతో తేలిపోతుందని నీ మనసులో నాటుకుపోయిందేమో అనిపిస్తోంది. అందుకే ఈ రాత్రి 2 సమూయేలు 23వ అధ్యాయం తియ్యి. దావీదు శూరులు 37 మంది అక్కడున్నారు.

వాళ్లలో షమ్మాను చూడు. ఫిలిష్తీయులు గుంపుగా వచ్చిపడ్డారు, జనమంతా పారిపోయారు. అతను నిలబడింది కోట ముందు కాదు, అలచందల చేను మధ్యలో. ఒక్క చేను కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోవాలా అని పట్నంలో అడుగుతారేమో. మనం పండించి తిన్నవాళ్లం, మనకు తెలుసు. ఇవాళ చేను వదిలేస్తే రేపు కంచంలోకి ఏమొస్తుంది? షమ్మా కంటే ముందు ఎలియాజరు ఉన్నాడు. తోటివాళ్లు వెళ్లిపోయినా, చెయ్యి అలిసి కత్తికి అంటుకుపోయేదాకా పోరాడాడు. అలుపెరగనివాడని రాయలేదు బుజ్జీ, అలిసిపోయాడనే రాసి ఉంది. ఈ ఇద్దరి సంగతీ చెప్పాక గొప్ప విజయం ఇచ్చింది యెహోవాయేనని ఉంటుంది. నిలబడటం వాళ్ల వంతు, గెలిపించడం ఆయన వంతు. నువ్వేమో రెండూ నీ నెత్తినే వేసుకుని కూలబడ్డావు.

నీ చేను పెద్దదేం కాదు. శుక్రవారం సాయంత్రం, పొద్దున లేవగానే ఒక కీర్తన, ఆదివారం ఆరాధన. అంతే. నోరు పెగలకపోతే ఊరికే మోకాళ్ల మీద ఉండు. ఆయనకు నీ మూలుగు కూడా అర్థమవుతుంది.

ఇంకొకటి చెప్పాలి, నొచ్చుకోకు. గొల్యాతును కూల్చిన ఆ దావీదే, రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం పూట మిద్దె మీద తిరుగుతుంటే చూపు జారింది, మనిషే జారాడు. శూరుల జాబితాలో చివరి పేరు ఎవరిదో చూశావా? ఊరియా. దావీదు ఎవరి భార్యను తీసుకుని, ఎవరిని చంపించాడో అతనే. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పట్టేస్తుంది. పాత గెలుపులు ఎవరినీ కాపాడవు. అయినా నాతాను ప్రవక్త వచ్చి ముఖం మీదే అడిగినప్పుడు దావీదు సాకులు వెతకలేదు, పాపం చేశానన్నాడు. శిక్ష తప్పలేదు, దేవుడు చెయ్యీ వదల్లేదు. మరి నిన్నెందుకు వదుల్తాడు?

శుక్రవారం ఆఫీసు నుంచి తిన్నగా రూముకు పోవద్దు. మీ చర్చి యూత్ వాళ్లతో కూర్చో, లేదా పాస్టరుగారింటికి వెళ్లు. ఆయనతో అంతా చెప్పు, సగం దాచకు. ఒక్కడివే గెలిచి చూపించాలని ఎవరూ అడగలేదు నిన్ను. కుదిరితే నెలాఖరుకల్లా ఆ రూము మారు. అడ్వాన్సు పోతుందని వెనకాడకు, పెదనాన్న పంపుతామన్నారు. కొత్త రూము దొరకగానే అడ్రసు రాయి, పచ్చడి సీసాలు అక్కడికే పంపిస్తాను.

నీ పెద్దమ్మ