ఆల్టో కొన్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి,

సెకండ్ హ్యాండ్‌లో ఆల్టో 800 కొన్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వు సీట్లు, మ్యూజిక్ సిస్టమ్ చూసుకుని ఉంటావు. బానెట్ కింద సంగతి నేను చెబుతాను, శ్రద్ధగా చదువు.

అందులో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల ఎఫ్8డి ఇంజిన్. సిలిండర్‌కు నాలుగు చొప్పున 12 వాల్వులు. 6000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 47 హార్స్‌పవర్, 3500 దగ్గర 69 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. అంటే ఆర్‌పీఎం తక్కువగా ఉన్నప్పుడు పెద్దగా లాగలేదు. శ్రీశైలం ఘాట్‌లో నలుగురితో ఎక్కేటప్పుడు బండి మూలిగేదాకా ఆగకుండా ముందే గేరు తగ్గించు. ఎత్తు మరీ ఎక్కువైతే కాసేపు ఏసీ కట్టెయ్యి.

మూడు సిలిండర్లది కాబట్టి నిలబడి ఉన్నప్పుడు కొద్దిగా వణుకుతుంది, దానికి కంగారుపడకు. వణుకు ఉన్నట్టుండి పెరిగితే మాత్రం ప్లగ్గు, కాయిల్, ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు చూపించు. మిస్సింగ్ కొడుతున్నా అలాగే తిప్పితే కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి కేటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతుంటే ముందు థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించు. మసి పట్టినా అలా అవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం వేడి. ఇలాంటి చిన్న ఇంజిన్లను కిలోమీటర్లు చంపవు, వేడి చంపుతుంది. హెడ్ అల్యూమినియంది. కూలెంట్ తగ్గినా, రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోయినా అది వంకరపోతుంది, గాస్కెట్ పోతుంది. అప్పుడు కూలెంట్ ఆయిల్‌లోకి దిగి, ఆయిల్ పాలు పోసిన టీలా మారుతుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. అందుకే వేడి హెచ్చరిక కనపడగానే పక్కకు తీసి ఆపెయ్. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. వేడి మీద రేడియేటర్ మూత తెరవొద్దు. ఒళ్లు కాలుతుంది. బోరు నీళ్లు పోయొద్దు. వాటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో గట్టిగా పేరుకుపోతాయి.

ఇంకొకటి, టైమింగ్ బెల్టు. ఈ ఇంజిన్‌లో చైన్ ఉండదు, బెల్టే. తెగేముందు చప్పుడు చేసి చెప్పదు, నడిరోడ్డు మీద బండి ఆగిపోతుంది. పాత ఓనరు మార్చినట్టు బిల్లు చూపించకపోతే, మార్చలేదనే లెక్క. టెన్షనర్‌తో కలిపి ఇప్పుడే మార్పించు.

ఇంజిన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చు. ఈలోగా డిప్‌స్టిక్ చూస్తూ ఉండు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉంటాయి. నల్ల పొగ వస్తే పెట్రోల్ ఎక్కువగా పోతున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి చూడమను. ఇంజిన్ బోర్‌కి వచ్చిందని ఎవరైనా అంటే, కంప్రెషన్ టెస్ట్ చేయించకుండా విప్పనివ్వకు.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. పాత బండి కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది. పెట్రోల్ పైపుల రబ్బరు పగిలిందేమో సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడల్లా చూడమను. పెట్రోల్ వాసన వస్తే మాత్రం ఆ రోజే బాగుచేయించు.

వారానికోసారి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ఆయిల్, కూలెంట్ నువ్వే స్వయంగా చూసుకో. ఐదు నిమిషాల పని. ఈ అలవాటు ఒక్కటి నిలుపుకుంటే ఆ బండి నీకు చాలా ఏళ్లు నమ్మకంగా పనిచేస్తుంది. బెల్టు సంగతి తేల్చాకే అక్కను ఊరికి తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య