కుందేలుకి ఏ ఆకు కోయాలి?

కామాటిపురాలో మా చాల్‌లో రెండు మూడిళ్లలో కుందేళ్లున్నాయి. వానలు పడ్డాక పిల్లలు మేత కోసుకొస్తారు. కుందేలు వాంతి చేసుకోలేదు. విషపుటాకు తిన్నదంటే బయటకు రాదు. కాబట్టి కోసేముందే చూసుకోవాలి.

గడ్డి చామంతి మంచి మేత. నేలబారుగా పాకుతుంది. ఆకు గరుకుగా, అంచు రంపంలా ఉంటుంది. పొడవాటి కాడకి ఒక్కటే పువ్వు: మధ్యన పసుపు, చుట్టూ తెల్ల రేకులు, రేకు కొసన మూడు నొక్కులు. మరాఠీలో 'ఏకదండి' అనేది ఆ ఒంటికాడ వల్లే.

వయ్యారిభామ పేరు అందమైందేగానీ, ముట్టుకుంటే కొందరికి దద్దుర్లు వస్తాయి. 1950ల్లో పుణేలో కనిపించి దేశమంతా పాకింది. నిటారుగా పెరుగుతుంది, చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తుంది. పూత రాకముందు ఆకే గుర్తు: క్యారెట్ ఆకులా చీలి ఉంటుంది. అందుకే ఇక్కడ 'గాజర్ గవత్' అంటారు.

జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త జోలికి పోవద్దు. జిల్లేడు తుంచితే పాలు కారతాయి. ఉమ్మెత్తకి పాలుండవు, అయినా విషమే.

గటర్ ఒడ్డున, రైలు పట్టాల పక్కన, ఎలుకల మందు పెట్టినచోట మంచి ఆకైనా కోయొద్దు.

నాయనమ్మ చెప్పే పేరు వేరు, గల్లీలో వినే పేరు వేరు. పేరు అడగండి, కానీ ఆకు, కాడ, పువ్వు మూడూ కలిస్తేనే కోయండి. అనుమానముంటే గరిక చాలు.