ప్రెమారిన్: ఒక మాత్ర నేర్పిన పాఠము

సాధారణముగా 45 నుండి 55 ఏండ్ల మధ్య స్త్రీలకు ఋతుస్రావము శాశ్వతముగా ఆగిపోవును. దీనిని రజోనివృత్తి యందురు. అండాశయములలో ఈస్ట్రోజన్ అను హార్మోను ఉత్పత్తి క్షీణించుటయే ఇందుకు మూలము. ఒంటిలో వేడి ఆవిరులు, చెమటలు, నిద్రలేమి, ఎముకల బలహీనత దీని పర్యవసానములు. మన ఇండ్లలో తల్లులు ఈ బాధలను వయోధర్మమని మౌనముగా భరించుట మనమెరుగుదుము. కావున దీని చికిత్సను గూర్చి శాస్త్రదృష్టితో విచారింతము.

1942లో అమెరికాలో ప్రెమారిన్ అను మాత్రకు అనుమతి లభించెను. చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజన్ల మిశ్రమమే యిది. 1966లో రాబర్ట్ విల్సన్ అను వైద్యుడు ఈస్ట్రోజన్ చికిత్స స్త్రీత్వమును శాశ్వతముగా నిలుపునని ఒక గ్రంథమున ప్రచారము చేసెను. కాని 1975లో వెలువడిన పరిశోధనలు, ఈస్ట్రోజన్ వాడినవారిలో గర్భాశయపు లోపొర క్యాన్సరు హెచ్చుగా నున్నట్లు తెలిపినవి. ఈస్ట్రోజన్ ఆ పొరను పెంచును. ప్రొజెస్టిన్ దానిని అదుపు చేయును. అందుచే గర్భాశయమున్న వారికి రెండింటిని కలిపి యిచ్చుట ఆచారమయ్యెను.

ఈ మాత్రలు వాడువారికి గుండెజబ్బులు తక్కువని పలు పరిశీలనలు సూచించినవి. అయితే వాడినవారిలో చదువు, సంపద, ఆరోగ్యశ్రద్ధ గలవారే యెక్కువ. ఆ మేలు మందు వలననా, జీవనవిధానము వలననా? దీనిని తేల్చుటకు అమెరికాలో 16,608 మంది స్త్రీలను చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ఈ జంట మందును, రెండవ జట్టుకు మందులేని మాత్రను ఇచ్చిరి. 2002లో ఆ ప్రయోగమును మధ్యలోనే ఆపవలసి వచ్చెను. మందు వాడినవారిలో తుంటి ఎముకలు విరుగుట తగ్గినను, రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతము, రక్తపుగడ్డలు కొంత హెచ్చినవి.

అట్లని మందునే నిందించుట తగదు. ఆ స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. 60 ఏండ్ల లోపు వారిలో, రజోనివృత్తి జరిగి 10 ఏండ్లు దాటని వారిలో, బాధలు తీవ్రముగా నున్నచో ముప్పుకంటె మేలే సాధారణముగా అధికమని తదుపరి విశ్లేషణలు తెలిపినవి. మ్రింగిన మాత్ర మొదట కాలేయమును చేరి, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు పదార్థములను పెంచును. చర్మముపై అంటించు పట్టీతో ఈ ముప్పు తక్కువ. రొమ్ము క్యాన్సరు గాని, రక్తపుగడ్డ గాని వచ్చియున్నవారికి ఈ మాత్ర సాధారణముగా తగదు.

విద్యార్థులారా! రెండు విషయములు కలసి కనిపించినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాజాలదు. ఇది మనము నేర్వవలసిన మొదటి పాఠము. తల్లి బాధను గూర్చి సిగ్గుపడక అడిగి, ఆమెను వైద్యుని యొద్దకు తోడ్కొనిపోవుట రెండవది. మొదటిది పరీక్షకు పనికివచ్చును. రెండవది ఇంటికి వెలుగగును.