మీ వాచ్ చూపించే ‘జోన్ 2’ నిజంగా మీదేనా?

రన్నింగ్ మొదలుపెట్టగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఎక్కువ రోజులు జోన్ 2లో, అంటే తేలిగ్గా, పరిగెత్తమని. వాచ్ కూడా జోన్లకి రంగులేసి మరీ చూపిస్తుంది. కానీ ఆ హద్దులు వాచ్ ఎక్కడి నుంచి తెచ్చింది? అది తెలియకపోతే, బాగానే పరిగెడుతున్నవాళ్ళు కూడా "స్లో డౌన్" అలర్ట్‌లకి విసిగిపోయి రన్నింగే మానేస్తారు. అందుకే నేను ఏ వాచ్ వాడినా ముందు ఈ మూడు చూస్తాను.

1. మ్యాక్స్ హార్ట్ రేట్

చాలా వాచ్‌లు 220లోంచి మీ వయసు తీసేస్తాయి. 25 ఏళ్ళవాళ్ళకి 195 అన్నమాట. ఇది సగటు అంకె మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పదేసి బీట్ల తేడా మామూలే.

2. జోన్ లెక్క

సెట్టింగ్స్‌లో సాధారణంగా రెండు పద్ధతులుంటాయి. మ్యాక్స్‌లో శాతం తీసుకుంటే, 195లో 60-70 శాతం అంటే 117 నుంచి 136. హార్ట్ రేట్ రిజర్వ్ పద్ధతిలో రెస్టింగ్ రేటు కూడా లెక్కలోకి వస్తుంది. అది 60 అనుకోండి. 195లోంచి 60 తీసేస్తే 135. అందులో 60-70 శాతానికి మళ్ళీ 60 కలిపితే 141 నుంచి 154. మనిషి అదే, గుండె అదే, రెండు జోన్లూ ఎక్కడా కలవవు!

3. సెన్సర్

వాచ్ వెనక పచ్చ లైటు చర్మం కింద రక్తం కదలికని చూసి బీట్లు లెక్కపెడుతుంది. పట్టీ వదులుగా ఉంటే చేతి ఊపుకి తికమకపడి, బీట్ల బదులు మీ అడుగుల్ని లెక్కపెట్టేస్తుంది. తేలిగ్గా పరిగెడుతున్నా రీడింగ్ 170 దగ్గర అతుక్కుపోయిందంటే అదే అనుమానించండి. పట్టీని మణికట్టు ఎముకకి కాస్త పైన బిగించండి. గుండె విద్యుత్ సంకేతాల్ని పట్టే చెస్ట్ స్ట్రాప్ అయితే ఇంకా నమ్మకం.

మరి అసలు హద్దు ఎలా తెలుస్తుంది?

పక్కనున్నవాళ్ళతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంతో 20 నిమిషాలు పరిగెత్తండి. మాట తెగడం మొదలైన చోట హార్ట్ రేట్ ఎంతుందో చూడండి. రెండు మూడు రోజులు ఇలా చేసి, ఆ అంకెకి కాస్త కిందే కస్టమ్ జోన్ పెట్టుకోండి. నేను చేసేది ఇదే. ఎండాకాలంలో అదే వేగానికి రీడింగ్ పెరుగుతుంది. అప్పుడు జోన్ మార్చకండి, వేగం తగ్గించండి.

బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్ళకి ఈ అంకెలు పనికిరావు, డాక్టర్‌ని అడగాల్సిందే. పరిగెడుతుంటే ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగిపోండి, ఆలస్యం చేయకుండా వైద్య సహాయం తీసుకోండి. వాచ్ ఏ రంగు చూపిస్తోందన్నది అప్పుడు అనవసరం.