కుండలో పులియునది: అంబలి, కల్లు, సారా గురించి ఒక పాఠము

(కుటుంబ కూటములలో చదివి చర్చించుటకు)



బళ్ళారి, సిరుగుప్ప ప్రాంతపు క్యాంపులలోను, తోరణగల్లు కార్మికుల కాలనీలలోను నివసించు మన తెలుగు కుటుంబములలో తరచుగా వినబడు ప్రశ్నలు కొన్ని ఉన్నవి. "అంబలి కూడా పులిసినదే గదా, అది తాగితే తప్పు లేనప్పుడు కల్లు తాగితే తప్పేమిటి?" "అంగడి సారాయిలో మందులు కలుపుతారు, ఇంట్లో కాచినది మంచిది కాదా?" "అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంట్లోనే బీరు చేసుకుంటున్నారట, మనకేమి అడ్డము?" ఈ ప్రశ్నలను గద్దించి మూయించుట సులభము. కాని గద్దింపు వలన ఎవరును మారలేదు. సంగతి తెలిసికొని మాటలాడుట మేలు.

1. పులియుట అనగా ఏమి?

తీపి ఉన్న చోట కంటికి కనబడని సూక్ష్మజీవులు చేరును. వాటిలో రెండు రకములను మనము గుర్తుంచుకొనవలెను. మొదటిది పాలను పెరుగుగా మార్చు రకము. ఇది తీపిని పులుపుగా మార్చును గాని మత్తు పుట్టించదు. ఇడ్లీ పిండి, మజ్జిగ, రాత్రి నానవేసి ఉదయము తాగు రాగి అంబలి, జొన్న అంబలి ముఖ్యముగా దీని పనియే. రెండవది ఈస్టు. ఇది చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857 మొదలుకొని చేసిన పరిశోధనలలో ఈ రెండు పనులను వేర్వేరు జీవులు చేయుచున్నవని చూపించెను.

కావున మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. అంబలి, కల్లు రెండును పులిసినవే గాని పులియబెట్టు జీవులు వేరు, ఫలితము వేరు. ఎండలో పనిచేయు కూలికి అంబలి ఆహారము. దానిని గూర్చి ఎవరి మనస్సాక్షియు బాధపడనక్కర లేదు.

ఇంకొక సంగతి. ఈస్టు తాను చేసిన ఆల్కహాలులోనే తాను చచ్చును. నూటికి 12 నుండి 15 పాళ్లు చేరేసరికి చాలా రకముల ఈస్టు పని ఆగిపోవును. అంతకంటె ఘాటైన పానీయము కావలెనంటే పులియబెట్టినంత మాత్రమున రాదు, కాచి ఆవిరి పట్టవలెను. కల్లుకు సారాకు మధ్యనున్న గోడ ఇదే.

2. మన సరిహద్దులోని పానీయములు

కల్లు: మన వంకల గట్లమీద కనబడు ఈతచెట్టును కన్నడములో ఈచలు అంటారు. ఈత, తాటి చెట్లనుండి కారు రసము తీయగా ఉండును. అదే నీరా. కుండకు లోపల సున్నము పూసి కట్టినయెడల పులియుట ఆగును. సున్నము లేని కుండలో గీసిన గంటలలోనే నురుగు లేచును, మధ్యాహ్నమునకు మత్తెక్కును, మరునాటికి పుల్లబడి వెనిగరు దారి పట్టును. మంచి కల్లులో ఆల్కహాలు నూటికి 4 నుండి 6 పాళ్లు, అనగా ఇంచుమించు బీరుతో సమానము.

బీరు: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలనుండి చేయుదురు. ఈశాన్య రాష్ట్రముల కొండజాతులు బియ్యముతోను, హిమాలయ ప్రాంతములవారు చోళ్లు మొదలైన ధాన్యములతోను ఇటువంటి పానీయములను ఇండ్లలోనే చేయుదురు. పేరు వేరు, పని ఒక్కటే.

నాటుసారా: బెల్లమును నీళ్లలో తుమ్మచెక్కతో నానవేసి పులియబెట్టిన ఊటను కాచి ఆవిరి పట్టుదురు. తెలంగాణలో గుడుంబా అను పేరు దీనికే. ఇందులో ఆల్కహాలు నూటికి 30, 40 పాళ్ల దాకా పోవచ్చును. ఒక గ్లాసు కల్లుకును ఒక గ్లాసు సారాకును పోలికే లేదు.

3. "ఇంట్లో చేసినది మంచిది" అను మాట

ఇది సగము నిజము గనుకనే ప్రమాదకరము. చెట్టునుండి దించిన కల్లు కల్తీ లేనిదైతే దానిలో ఉన్నది దానిలోని ఆల్కహాలే. కాని మన పేటలలో అమ్మునది చాలా సార్లు చెట్టు ఎరుగని కల్లు. నీళ్లలో చక్కెర, శాకరిన్, వాటితో మత్తుకై క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, అల్ప్రాజోలామ్ వంటి మందులు కలుపుదురు. ఇవి నిద్రకు, ఆందోళనకు వైద్యుడు కొలతగా ఇచ్చు మందులు. రోజూ తాగువాడు తనకు తెలియకనే వీటికి బానిసయగును. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణములు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు కల్లు అందక వణుకు, మతిభ్రమణముతో అనేకులను తీసికొనివచ్చిరి.

సారా విషయములో భయము మరి పెద్దది. దానికి ఘాటు కొరకు నవసాగరము, యూరియా వంటివి కలుపుదురు. అన్నిటికంటె ఘోరమైనది మిథైల్ ఆల్కహాలు. ఇది రంగుల, రసాయనముల కర్మాగారములలో వాడునది. చవుకగా దొరుకును. చూపుకు, వాసనకు, రుచికి మామూలు ఆల్కహాలు వలెనే ఉండును. కాని శరీరములో ఇది ఫార్మిక్ ఆమ్లముగా మారి కంటినరమును తినివేయును. 10 మిల్లీలీటర్లు కూడా చూపు పోగొట్టవచ్చును, 30 మిల్లీలీటర్లు ప్రాణము తీయవచ్చును. తాగిన వెంటనే ఏమియు తెలియదు. పన్నెండు గంటలకో ఒక దినమునకో కడుపునొప్పి, వాంతులు, కండ్ల ముందు మంచు కప్పినట్లు మసక కలుగును. అంతలో కుటుంబమువారు "తాగినది దిగలేదు, పడుకోనివ్వండి" అని విడిచిపెట్టుదురు. ఆ నిద్రలోనే అనేకులు పోయిరి.

కర్ణాటక ప్రభుత్వము 2007 జూలై 1 నుండి సారాయిని నిషేధించెను. మంచి ఉద్దేశమే. అయితే 2008 మే నెలలో బెంగళూరు, కోలారు ప్రాంతములలోను, తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలోను కల్తీసారా తాగి నూరుమందికి పైగా చనిపోయిరి. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యము దొరకక చేతులు శుభ్రపరచుకొను శానిటైజరు తాగి పదిమందికి పైగా మరణించిరి. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో మిథైల్ ఆల్కహాలు కలిసిన సారా అరువదిమందికి పైగా ప్రాణములు తీసెను. చనిపోయినవారిలో ఎక్కువమంది రోజుకూలీలు, మనవంటివారు.

4. లేఖనములలోని మాటలు

మన తెలుగు బైబిలులో ద్రాక్షారసము అను మాట చదివినప్పుడు కొందరు అప్పుడే పిండిన రసమనుకొందురు, కొందరు పులిసినదనుకొందురు. నోవహు దాని వలన మత్తుడై పడుకొనెను గనుక అది పులిసినదే యని తెలియుచున్నది. కొత్త ద్రాక్షారసమును పాత తిత్తులలో పోయరాదను ఉపమానము కూడా, పులియునప్పుడు పుట్టు వాయువు ఉబ్బి ఎండిన తోలును పగులగొట్టుననుటయే. వినినవారందరికి ఆ సంగతి ఇంట్లో తెలిసినదే. మద్యము అని తర్జుమా చేయబడిన హెబ్రీ మాట షేకార్. అది ధాన్యములతోను, ఖర్జూరము మొదలగు పండ్లతోను చేసిన పానీయములకు పేరు. మన ఈతచెట్టు ఖర్జూరమునకు దగ్గరి చుట్టమే.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. సారా వలె కాచి ఆవిరి పట్టిన మద్యము ఆ కాలపు ప్రజల యిండ్లలో లేదు. ఉన్నదంతయు పులిసినది మాత్రమే, తరచు నీళ్లు కలిపి తాగునది. అంత బలహీనమైన పానీయము విషయములోనే సామెతల గ్రంథము అంత గట్టిగా హెచ్చరించినయెడల, నేటి సారా సంగతి ఏమనవలెను? తిమోతికి కడుపు జబ్బు నిమిత్తము కొంచెము పుచ్చుకొమ్మని పౌలు చెప్పిన మాటను సీసాకు అనుమతిపత్రముగా చూపువారు ఈ లెక్కను మరువకూడదు.

ప్రభురాత్రి భోజనములో పులియని రసము వాడు అలవాటు కూడా ఈ ఆలోచననుండి బలపడినదే. 1869లో అమెరికాలోని న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు, పాశ్చర్ చూపిన విధముగా ద్రాక్షరసమును వేడిచేసి, ఈస్టును చంపి, పులియకుండ నిలువ చేసెను. అదివరకు సీసాలోని రసము తనంతట తానే పులిసిపోయెడిది.

5. చట్టము

అమెరికాలో 1978లో చేసిన చట్టము వలన పెద్దలు తమ యింటి వాడుకకు ఏటికి 100 గేలన్ల వరకు బీరు చేసికొనవచ్చును. అమ్ముటకు గాని సారా కాచుటకు గాని ఆ అనుమతి వర్తించదు. మనకు కర్ణాటక ఎక్సైజు చట్టము, 1965 ఉన్నది. లైసెన్సు లేకుండ మద్యము చేయుట, నిలువచేయుట, అమ్ముట నేరము. సరిహద్దు దాటి రాయదుర్గము, ఆలూరు, గుంతకల్లు వైపు బంధువుల యింటికి పోవునప్పుడు సీసాలు తీసికొనిపోవుట కూడా చిక్కు తెచ్చును. రెండు రాష్ట్రముల నియమములు వేరు, అవి మారుచుండును. "రెండు పెట్టెలు తెమ్మన్నారు" అని బయలుదేరిన మన యువకుని బండియు పోవును, ఉద్యోగమును పోవును.

6. దూబగుంట నేర్పినది

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమము సాగినది. రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు తమ వాచకములోని పాఠమునుండి తమ బ్రతుకును చదువుకొనిరి. దూబగుంట గ్రామస్త్రీలు సారా దుకాణమును మూయించిరి. వర్ధినేని రోశమ్మ గారి పేరు అందరికి తెలిసినది. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొని 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధము వచ్చెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో అది సడలిపోయెను. చట్టము వచ్చును, పోవును. కాని చదువుకొని, కూర్చుండి మాటలాడుకొని, కలిసి నిలిచిన స్త్రీల పని మాత్రము పోలేదు. మన కూటములు చేయగలిగిన పని కూడా ఇదే.

7. మనము చేయవలసినవి

తాగినవానికి చూపు మసకబారినా, ఊపిరి బరువైనా మరుసటి ఉదయము వరకు ఆగరాదు. 108కు ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఏమి తాగెనో దాచకుండ వైద్యునితో చెప్పవలెను, మిగిలిన సీసా ఉంటే వెంట తీసికొనిపోవలెను. మజ్జిగ, నిమ్మరసము మిథైల్ ఆల్కహాలుకు విరుగుడు కావు. అదే కుండలోనిది తాగిన తక్కినవారికిని వెంటనే కబురు పెట్టవలెను.

ఏండ్ల తరబడి రోజూ తాగినవానిని గదిలో పెట్టి తాళము వేసి ఒక్క దినమున మాన్పించుట ప్రేమ కాదు. వణుకు, ఫిట్సు, భ్రమ కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. మానుకొను తీర్మానము మంచిదే, అది వైద్యుని చేతి క్రింద జరుగవలెను. వ్యసన విముక్తికై 14446 అను ఉచిత ఫోను సహాయము ఉన్నది.

లెక్క కూడా చూపవలెను. రోజుకు 100 రూపాయలు సీసాకు పోయినయెడల ఏడాదికి 36,500 రూపాయలు. ఇంటి అద్దె ఎంతో, పిల్లల ఫీజు ఎంతో ప్రక్కన వ్రాసి చూచుకొనుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. అంబలికి, కల్లుకు, సారాకు గల తేడాను మీ పిల్లలకు ఎట్లు వివరింతురు?
2. సారా కాచి అమ్ముకొని బ్రతుకు విధవరాలు మీ వీధిలో ఉన్నయెడల, మానుమని చెప్పుటకు ముందు ఆమెకు వేరొక కూలి దారి చూపుటకు మీ కూటము ఏమి చేయగలదు?
3. తాగుడు మానిన సహోదరుడు మరల పడినప్పుడు అతనిని మొదట పలుకరించునది ఎవరు? ఆ మాట ఏమై ఉండవలెను?